స్పోర్ట్స్ సైన్స్ చదువులో రోజు ఎలా గడుస్తుంది? చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు చెప్పండి

ఖోఖో_చేజర్:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ ర్యాంకు మాత్రం దయచేసి అడగొద్దు. ఖోఖోలో జిల్లా జట్టుకు ఆడాను. బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్ చేస్తానంటే ఇంట్లో నాన్న "డ్రిల్లు మాస్టారు ఉద్యోగానికి బీఎస్సీ ఎందుకురా" అంటున్నారు. కాలేజీల వెబ్‌సైట్లలో ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే ఫొటో, నవ్వుతున్న అమ్మాయి ఫొటో తప్ప వేరే సమాచారం కనిపించట్లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి అసలు ఏం చేస్తారు? ఆట కొనసాగించొచ్చా? ఫిజిక్స్ ఎంత ఉంటుంది? (టెన్షన్ అంతా దీని గురించే.)

ల్యాబ్‌కోటు:
తమ్ముడూ, నేను చెన్నైలో మూడో సంవత్సరం. ముందు ఒకటి తేల్చుకో. ఆడుకోవడానికి వస్తున్నావా, ఆటను కొలవడానికి వస్తున్నావా? ఈ కోర్సులో రెండోదే ఎక్కువ. మా బ్యాచ్‌లో మొదటి సెమిస్టర్‌లోనే మానేసి వెళ్ళిపోయిన వాళ్ళంతా మొదటి దాని కోసం వచ్చినవాళ్ళే.

మొదటి ఏడాది అంతా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఒక్కో కండరం ఎముక మీద ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏం కదిలిస్తుంది, దానికి ఏ నరం వస్తుంది, ఇవన్నీ నోటికి రావాలి. భుజం చుట్టూ ఉండే నాలుగు చిన్న కండరాల కోసం హాస్టల్లో రాత్రి పన్నెండింటికి రూమ్మేట్‌కి చొక్కా విప్పించి వీపు మీద పెన్నుతో గీతలు గీస్తూ చదివాం. బైపీసీ వాడివి కాబట్టి అక్కడ నీకు ఇబ్బంది లేదు. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళు క్రెబ్స్ సైకిల్ దగ్గర బిక్కమొహం వేస్తారు, రెండో ఏడాది బయోమెకానిక్స్, అంటే శరీరం కదలికల ఫిజిక్స్, వచ్చేసరికి ఆ బిక్కమొహం మనకు వస్తుంది. లెక్క సరిపోతుంది.

ఖోఖో_చేజర్:
థాంక్స్ అన్నా. ఆ మాస్క్ పెట్టుకుని పరిగెత్తే టెస్టు మీరు చేశారా? అందులో ఏం చూస్తారు?

ల్యాబ్‌కోటు:
చేయించుకోకపోతే వదలరు. మా ల్యాబ్‌లో బయటి ఆటగాళ్ళ కంటే ముందు మేమే బకరాలం. దాన్ని వీఓటూ మ్యాక్స్ టెస్ట్ అంటారు. నీ శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెబుతుంది. కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్క.

ముందు రోజు ఒక ఫారం నింపిస్తారు. గుండె జబ్బు ఉందా, కళ్ళు తిరుగుతాయా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా వగైరా. మర్నాడు ఛాతీకి బెల్టు, మొహానికి రబ్బరు మాస్కు. మాస్కు ఎక్కడా గాలి లీకు కాకుండా బిగిస్తారు. మేము ఎక్కువగా చేసేది బ్రూస్ ప్రోటోకాల్. గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలుతో మొదలు. మూడేసి నిమిషాలకు ఒకసారి వేగమూ పెరుగుతుంది, వాలూ పెరుగుతుంది. మొదటి దశ కాలినడకన తిరుమల ఎక్కే మొదటి మెట్లలా హాయిగా ఉంటుంది, గోవిందా అంటూ కబుర్లు చెప్పుకోవచ్చు. నాలుగో దశకు 16 శాతం వాలు వచ్చేసరికి గోవిందుడు గుర్తుండడు.

మాస్కు ఉంటుంది కాబట్టి మాట్లాడలేవు. ఎదురుగా 6 నుంచి 20 వరకు అంకెలున్న చార్టు పట్టుకుంటారు, ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించాలి. దీని పేరు బోర్గ్ స్కేల్. 6 నుంచి ఎందుకు మొదలంటే ఆ అంకెను పదితో గుణిస్తే దాదాపు గుండె వేగం వచ్చేలా పెట్టాడట. నా బ్యాచ్‌మేట్ ఒకడు 13 దగ్గరే వేలు ఆపేసి, మానిటర్ మీద గుండె 190 కొడుతున్నా 13 అనే చూపించాడు. అమ్మాయిలు చూస్తున్నారు మరి.

ఆపేశాక వెంటనే చెవి తమ్మె మీద సూదితో పొడిచి రక్తం చుక్క తీస్తారు, లాక్టేట్ కోసం. కండరాలు గట్టిగా పనిచేసేటప్పుడు రక్తంలో పెరిగే పదార్థం అది. మొదటి చుక్క తుడిచేయాలి. చెమటలో కూడా లాక్టేట్ ఉంటుంది, అది కలిస్తే అంకె తప్పు వస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు లీటరుకు 1 మిల్లీమోల్ చుట్టుపక్కల ఉంటుంది. పెరుగుతూ 4 దగ్గరకు వచ్చిందంటే ఆ వేగంలో ఎక్కువ సేపు నిలబడలేడని పాత లెక్క. ఈ 4 అందరికీ ఒకటే కాదని మా మేడం ప్రతి క్లాసులో చెబుతారు, వైవాలో అదే అడుగుతారు.

మాస్కు తీశాక లోపల చేరిన ఉమ్మి సంగతి వెబ్‌సైట్ ఫొటోల్లో ఉండదు. దాన్ని కడిగేది జూనియర్లే. నువ్వే అన్నమాట.

సున్నంగీత:
ల్యాబు బాబుల మాటలు విని అదే మొత్తం ప్రపంచం అనుకోకు చేజర్. నేను బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేసి ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేస్తున్నాను, అంటే మీ నాన్నగారు చెప్పిన డ్రిల్లు మాస్టారు నేనే. మన రెండు రాష్ట్రాల్లో దీనికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. రాత పరీక్ష లేదు. మగపిల్లలకు 100 మీటర్లు, 800 మీటర్లు, 6 కిలోల షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్. ఆడపిల్లలకు 800 బదులు 400, గుండు 4 కిలోలు. వీటికి 400 మార్కులు, నీ ఆటలో నైపుణ్యానికి 100. డిగ్రీ అయినవాళ్ళు బీపీఈడీకి, ఇంటర్ అయినవాళ్ళు యూజీడీపీఈడీకి, అంటే వ్యాయామ విద్య డిప్లొమాకు.

మా రోజు తెల్లవారుజామున గ్రౌండ్‌లో మొదలయ్యేది. రెండు గంటలు ఒళ్ళు హూనం అయ్యాక స్నానం, టిఫిను, తర్వాత థియరీ క్లాసు. ఫ్యాను కింద కూర్చుంటే కళ్ళు వాటంతట అవే మూతపడేవి. లెక్చరర్లకూ తెలుసు, వాళ్ళూ ఒకప్పుడు అలాగే పడుకున్నవాళ్ళే. సాయంత్రం మళ్ళీ గ్రౌండు.

అక్కడ నేర్చుకున్న వాటిలో ఈ రోజుకీ కూడు పెడుతున్నది ట్రాక్ మార్కింగ్. 400 మీటర్ల ట్రాకు వేయాలి, చేతిలో టేపు, తాడు, మేకులు, సున్నం. ఒక్కో నిటారు భాగం 84.39 మీటర్లు. వంపు వ్యాసార్ధం 36.50. కానీ మనిషి ట్రాకు లోపలి అంచు గట్టు మీద పరిగెత్తడు కదా, 30 సెంటీమీటర్లు బయటికి పరిగెత్తుతాడని లెక్క, కాబట్టి 36.80. రెండు వంపులు కలిపితే 231.22, రెండు నిటారు భాగాలు 168.78. కూడి చూసుకో, సరిగ్గా 400. లేను వెడల్పు 1.22. రెండో లేను నుంచి కొలిచేది మాత్రం గీతకు 20 సెంటీమీటర్ల దూరంలోనే. అందుకే 400 మీటర్ల పరుగుకు రెండో లేను వాణ్ణి 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. దీన్ని స్టాగర్ అంటాం. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ఐదో లేను స్టాగర్ అడిగితే అక్కడే నేల మీద పుల్లతో లెక్క వేసి చెప్పాలి.

మండల స్థాయి పోటీలకు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. వీఓటూ మ్యాక్స్ తెలిసినవాడు మండలానికి ఒకడు కూడా అక్కర్లేదు, ట్రాకు వేయగలిగినవాడు ఒకడు కావాలి.

రెండో_లేన్:
పైన 7.04 చదవగానే నా ప్రాణం లేచొచ్చింది. నేను 400 మీటర్లు పరిగెత్తేదాన్ని, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను.

ల్యాబ్‌కోటు, నువ్వు చెప్పినదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకోను. ఆడుకోవడానికి వచ్చినవాళ్ళు మానేశారన్నావు. ఆటగాళ్ళకు ఈ కోర్సు కష్టమయ్యేది చదువు రాక కాదు, టైమ్‌టేబుల్ వల్ల. సోమవారం వింగేట్ టెస్ట్ ప్రాక్టికల్. శరీర బరువులో 7.5 శాతం లోడు పెట్టిన సైకిల్‌ని 30 సెకన్లు ప్రాణాలు ఒడ్డి తొక్కాలి. చదవడానికి 30 సెకన్లే. దిగాక కాళ్ళు నావి కావు, చెత్తబుట్ట దగ్గర వరస కట్టేవాళ్ళం. అదే సాయంత్రం కోచ్ 300 మీటర్ల రిపిటీషన్లు ఇస్తాడు. మంగళవారం బీప్ టెస్ట్ (బీప్ మోగేలోపు 20 మీటర్లు అటూ ఇటూ పరిగెత్తేది), ఎందుకంటే జూనియర్లకు సబ్జెక్టులు, అంటే టెస్టు చేయడానికి మనుషులు, కావాలి. బుధవారానికి పిక్క పట్టేస్తుంది. రికవరీ గురించి పొద్దున క్లాసులో పాఠం చెప్పిన డిపార్ట్‌మెంటే సాయంత్రానికి దాన్ని మర్చిపోతుంది. మా కాలేజీ పేరు చెప్పను గానీ, ఇంటర్ యూనివర్సిటీ మీట్‌కు వారం ముందు కూడా "నువ్వు అథ్లెట్‌వి కదా, గ్రాఫ్ బాగా వస్తుంది" అని నన్నే ట్రెడ్‌మిల్ ఎక్కించారు.

కాబట్టి చేజర్, చేరిన మొదటి వారంలోనే నీ పోటీల క్యాలెండర్ కాగితం మీద రాసి క్లాస్ ఇన్‌చార్జికి ఇవ్వు. ఫలానా తేదీల మధ్య నన్ను సబ్జెక్టుగా వాడుకోవద్దని అడుగు. అది నీ హక్కు. టెస్టుకు ముందు సంతకం పెట్టే కాగితంలో కూడా ఎప్పుడైనా ఆపేయొచ్చని రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.

అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. స్కిన్‌ఫోల్డ్ ప్రాక్టికల్‌కి భయపడకండి. చేతి వెనక, భుజం ఎముక కింద, నడుము పైన చర్మాన్ని మడతగా పట్టుకుని క్యాలిపర్‌తో కొలుస్తారు. ఎప్పుడూ కుడివైపే, పెన్నుతో గుర్తు పెట్టి, క్యాలిపర్ వదిలిన రెండు సెకన్లకు అంకె చూస్తారు. అమ్మాయిల్ని అమ్మాయిలే కొలవాలి, తెర ఉండాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో అలా లేకపోతే గట్టిగా అడగండి. నెలసరి తేదీ కూడా రికార్డు షీట్‌లో ఉండాలి. మా బ్యాచ్‌లో మొదట్లో ఆ గడే లేదు, మేమే చేత్తో గీసి పెట్టాం.

ఇక ఎండకు నల్లబడతావు, సంబంధాలు రావు అనే పెద్దమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నాకు వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు "అమ్మాయి రోజూ ప్యాంటు వేసుకునే వెళ్తుందా" అని అడిగారు. వాళ్ళను మా నాన్నే పంపించేశాడు.

పిల్లాడి_నాన్న:
ఇక్కడ పెద్దవాళ్ళు కూడా రాయొచ్చనుకుంటా. మా వాడికీ ఇదే పిచ్చి పట్టింది. మీరంతా చెమటలు, సూదులు, సున్నం గురించి చెబుతున్నారు, బాగానే ఉంది. మూడు నాలుగేళ్ళు ఫీజులు కట్టాక నెల తిరిగేసరికి ఇంటికి జీతం తెచ్చే దారి ఏమిటి? సూటిగా చెప్పండి.

సున్నంగీత:
నమస్కారం అండీ. ప్రభుత్వ ఉద్యోగం మాట నేను చెబుతా. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులు. అందులో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) అనే పేరుతో ఉన్నవి 132. స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య పోస్టులు అవి కాకుండా వేరే. డీఎస్సీ ఏటా రాదు, దాన్నే నమ్ముకుని కూర్చుంటే వయసు కరిగిపోతుంది. ఇంకొకటి కూడా జాగ్రత్తగా వినండి. టీచరు ఉద్యోగానికి బీపీఈడీ లాంటి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉన్న చదువు కావాలి. ఉత్త బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్‌తో బడిలోకి రాలేరు. దాని మీద బీపీఈడీ చేయాలి. చేరేముందే ఇది తెలియక ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

ప్రైవేటు బడుల సంగతి ఏం చెప్పమంటారు. నా స్నేహితుడు చేరిన చోట మూడంతస్తుల బిల్డింగు, టెర్రస్ మీద వాటర్ ట్యాంకు పక్కన పీటీ క్లాసు. ఆరోగ్య దినోత్సవం నాడు మాత్రం బ్యానర్ పెద్దది కడతారు.

నిజామాబాద్_నెట్స్:
జీతం దారి ఇంకోటి ఉంది సార్. నేను వీడియో అనలిస్ట్‌ను. నాకైతే బౌలింగ్ రాదు, బ్యాటింగ్ అంతకన్నా రాదు. మ్యాచ్ నడుస్తుంటే ప్రతి బాల్‌నూ ట్యాగ్ చేస్తా. ఏ లెంగ్త్, ఏ లైన్, బ్యాటర్ కాలు ఎక్కడ పెట్టిండు, ఇవన్నీ. రాత్రి కోచ్‌కు పది నిమిషాల క్లిప్పు ఇయ్యాలె, పదకొండో నిమిషం ఆయన చూడడు.

ఇట్లాంటి పనులు క్రికెట్‌లోనే కాదు, కబడ్డీ లీగ్, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ అకాడమీలలో కూడా ఉన్నయి. హైదరాబాద్‌లో అకాడమీలకు కొదువ లేదు. కానీ చాలా వరకు సీజన్ కాంట్రాక్టులే. సీజన్ అయిపోతే మళ్ళీ ఫోన్లు చేసుకోవాలె. కోర్సులో ఉన్నప్పుడే కినోవియా లాంటి ఉచిత వీడియో కొలతల సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని చెప్తా. ఫోన్‌ను స్టాండ్ మీద పక్కనుంచి పెట్టి, తెలిసిన పొడవున్న కర్ర ఒకటి ఫ్రేమ్‌లో ఉంచి తీస్తే కోణాలు, వేగాలు కొలవొచ్చు. మీ బాబు ఆ ఊర్లోనే పదిమంది పిల్లల పరుగు వీడియోలు తీసి కొలిచి పెట్టుకుంటే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అదే ముందు చూస్తరు.

మోకాలుచిప్ప:
నేను ఫిజియోథెరపిస్టును. ఒక గందరగోళం ముందే తీసేస్తాను. స్పోర్ట్స్ సైన్స్ వేరు, ఫిజియో వేరు. దెబ్బ తగిలినవాడికి వైద్యం చేయాలంటే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి, ఆ తర్వాత స్పోర్ట్స్‌లో ఎంపీటీ (అందులోనే పీజీ) చేయాలి. స్పోర్ట్స్ సైన్స్ వాళ్ళ పని దెబ్బ తగలకముందు, మళ్ళీ తగిలాక మైదానానికి తిరిగొచ్చే చివరి దశలో. శిక్షణ భారం లెక్క, బలం, వేగం, తిండి, నిద్ర. రెండూ కలిసి పనిచేస్తాయి, కానీ ఒకళ్ళ బోర్డు ఇంకొకళ్ళు పెట్టుకోకూడదు. కొన్ని జిమ్ములలో ఆరు వారాల సర్టిఫికెట్‌తో మెడలు విరిచేవాళ్ళను చూస్తున్నాను, వాళ్ళు విరిచినవి తర్వాత నా దగ్గరకు వస్తాయి.

చేజర్‌కు ఇంకో మాట. ఖోఖో అంటే గొంతుక్కూర్చున్న భంగిమ నుంచి ఒక్కసారిగా లేవడం, స్తంభం చుట్టూ తిరగడం, డైవ్. మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగేది ఎక్కువగా ఎవరూ తగలకుండానే, ఆగేటప్పుడూ తిరిగేటప్పుడూ. అమ్మాయిల్లో మరీ ఎక్కువ. నువ్వు ఈ కోర్సులోకి వస్తే ఈ ఒక్క కదలిక మీద మూడేళ్ళు పని చేసినా సరిపోదు. క్రికెట్, ఫుట్‌బాల్ మీద ఉన్నంత పరిశోధన మన ఆటల మీద లేదు.

నిజామాబాద్_నెట్స్:
అవును. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ వచ్చింది, మన తెలుగు యోధాస్ జట్టు ఫైనల్‌లో ఒక్క పాయింట్‌తో ఓడింది. 2025 జనవరిలో ఢిల్లీలో ప్రపంచకప్ కూడా పెట్టిండ్రు, మగవాళ్ళు, ఆడవాళ్ళు రెండు కప్పులూ మనకే వచ్చినయి. ఆ ఆటలో డేటా తీసేటోళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చలిదేశం_బాబాయ్:
ఇంగ్లండ్‌లో ఏడాది ఎంఎస్సీ చేశాను కాబట్టి అక్కడి సంగతి చెబుతా. ముందుగా, అక్కడ ఈ సబ్జెక్టుకు గౌరవం ఎక్కువ. క్రీడా సంబంధ చదువుల క్యూఎస్ ర్యాంకింగ్స్‌లో లఫ్‌బరో యూనివర్సిటీ ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉంటోంది. నేను అక్కడ కాదు, వేరే చోట.

నా ప్రాజెక్ట్ వేడిలో వ్యాయామం మీద. ఒక గది ఉంటుంది, దాంట్లో వేడీ తేమా కావలసినట్టు పెట్టుకోవచ్చు. 35 డిగ్రీలు పెట్టి సైకిల్ తొక్కిస్తే ఇంగ్లీషు కుర్రాళ్ళు కందగడ్డల్లా అయ్యేవారు. విజయవాడలో పుట్టినవాణ్ణి, నాకు అదొక సంక్రాంతి వాతావరణం అనుకుని పొగరుగా లోపలికి వెళ్ళాను. తీరా శరీరం లోపలి ఉష్ణోగ్రత ఎలా కొలుస్తారని అడిగితే పొడుగాటి సన్న తీగ ఒకటి చూపించి, ఎక్కడ పెట్టుకోవాలో బొమ్మతో సహా ఉన్న కాగితం ఇచ్చారు. నోట్లో కాదు. గదిలోకి వెళ్ళి ఎవరికి వాళ్ళే పెట్టుకుని రావాలి. ఇంట్లో అమ్మ "ఈ రోజు కాలేజీలో ఏం చేశావు నాన్నా" అని ఫోన్‌లో అడిగితే, సైకిల్ తొక్కానని చెప్పాను.

అక్కడ నాకు నచ్చినది ఎథిక్స్ ఫారం. పది మంది చేత స్టెప్ టెస్ట్ చేయించాలన్నా, ఎవరైనా పడిపోతే ఎవరు చూస్తారు, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు, అన్నీ రాసి కమిటీ ఒప్పుకున్నాకే మొదలు. వారాలు పడుతుంది, తిట్టుకుంటాం. రెండో_లేన్ గారు రాసినది చదివాక ఆ తిట్లు వెనక్కి తీసుకుంటున్నా.

డబ్బు విషయంలో జాగ్రత్త. క్లబ్బుల్లో స్టూడెంట్లకు దొరికేవి చాలా వరకు జీతం లేని ప్లేస్‌మెంట్లే. శనివారం పొద్దున వానలో కోన్లు సర్దడం, ఆటగాళ్ళ పరుగు కొలిచే జీపీఎస్ జాకెట్లు పంచడం, మళ్ళీ ఏరుకోవడం. వారానికి 20 గంటల పని పరిమితి ఎలాగూ ఉంటుంది, అది సూపర్‌మార్కెట్‌కే సరిపోతుంది. అప్పు చేసి వచ్చేవాళ్ళు ఇది లెక్కలో వేసుకోండి.

ఖోఖో_చేజర్:
చదువుతుంటే నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది. అందరికీ థాంక్స్. ఫిజిక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రొజెక్టైల్ లెక్కలు నాకు ఇంటర్ రోజుల నుంచీ పీడకల.

రెండో_లేన్:
ఆ లెక్కలే ఇక్కడ రుచి పుట్టిస్తాయి. పుస్తకంలో ఏముంది? ఏ వస్తువైనా 45 డిగ్రీల కోణంలో విసిరితే ఎక్కువ దూరం వెళ్తుంది. మరి లాంగ్‌జంపర్ 45లో ఎగురుతాడా? ఎగరడు, 20 డిగ్రీలకు అటూ ఇటూ. ఎందుకంటే 45లో లేవాలంటే పరుగు వేగం దాదాపు చంపుకోవాలి. దూరం ఇచ్చేదే ఆ వేగం. షాట్‌పుట్‌లోనూ అంతే. గుండు నేల మీద నుంచి కాదు, రెండు మీటర్ల ఎత్తున చేతి నుంచి వెళ్తుంది. పైగా కోణం పెంచే కొద్దీ మనిషి దాన్ని అంత వేగంగా తోయలేడు. అందుకే మంచి త్రోయర్లు 35 చుట్టుపక్కల వదులుతారు. ఈ రెండు విషయాలూ అర్థమైతే బయోమెకానిక్స్‌లో సగం భయం పోతుంది. సూత్రం బట్టీ పట్టి 45 అని రాసినవాణ్ణి మా సారు గ్రౌండుకు తీసుకెళ్ళి, "ఎగురు నాన్నా 45లో" అనేవారు. వాడు నిటారుగా పైకి లేచి ఇసుకలో గుంట అంచునే పడేవాడు.

నీకు నిజంగా తలనొప్పి తెచ్చేది స్టాటిస్టిక్స్. చివరి ఏడాది డిసర్టేషన్‌లో తెలుస్తుంది. నా జూనియర్ ఒకమ్మాయి వాలీబాల్ ఆటగాళ్ళకు ఆరు వారాల ప్లయోమెట్రిక్ (గెంతులు, దూకుళ్ళ) శిక్షణ ఇచ్చి ముందూ వెనకా జంప్ కొలుద్దామనుకుంది. ముందు కొలిచినప్పుడు ముప్ఫైమంది. వెనక కొలిచేసరికి సగం మంది లేరు. ఒకడికి సప్లీ, ఒకడికి చెల్లెలి పెళ్ళి, నలుగురిని కోచ్ టోర్నీకి తీసుకెళ్ళిపోయాడు. ఆ మిగిలిన వాళ్ళతోనే టీ టెస్ట్ (రెండు సగటుల తేడా నిజమా కాదా చూసే లెక్క) వేసుకుని, మానేసిన వాళ్ళ గురించి ఒక పేజీ రాసింది. వైవాలో ఎక్కువ మార్కులు ఆ పేజీకే పడ్డాయి.

ల్యాబ్‌కోటు:
మెస్సు గురించి కూడా చెప్పనివ్వండి. న్యూట్రిషన్ క్లాసులో శిక్షణలో ఉన్నవాడికి కిలో బరువుకు 1.4 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ అని చెబుతారు. 60 కిలోలవాడికి తక్కువలో తక్కువ 84 గ్రాములు. క్లాసు నుంచి నేరుగా మెస్సుకు వెళ్తే అక్కడ ఇడ్లీ, నీళ్ళ సాంబారు. గుడ్డుకు 6 గ్రాములు, పెరుగు కప్పులో నాలుగో ఐదో, గుప్పెడు వేరుశెనగలకు ఏడెనిమిది. మేం రూములో ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకుంటాం. వార్డెన్‌కు తెలుసు, ఆయనకూ రెండు ఇస్తాం.

జిమ్ములో ఎవడో చెప్పాడని డబ్బా పౌడర్లు మాత్రం కొనకు. కలుషితమైనది తిని డోప్ టెస్టులో దొరికితే "నాకు తెలియదు" అన్న మాట చెల్లదు. ఒంట్లో ఏముందో దానికి ఆటగాడిదే బాధ్యత. అది వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, నియమం. జిల్లా స్థాయి ఆటగాడివైనా ఇప్పుడే అలవాటు చేసుకో.

పిల్లాడి_నాన్న:
సూటిగా చెప్పినందుకు సంతోషం. సున్నంగీత గారూ, మీరు చెప్పినట్టు బీఎస్సీ చేసి పైన బీపీఈడీ చేస్తే రెండు దారులూ ఉంటాయన్నమాట. ఇంటర్ మీదనే చేరేవి ఏమైనా ఉన్నాయా?

సున్నంగీత:
ఉన్నాయండీ. గ్వాలియర్‌లో లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ, 1957లో పెట్టారు, ఇంటర్ తర్వాతే బ్యాచిలర్స్‌లో చేరొచ్చు. మన దక్షిణాది పిల్లలు మొదటి చలికాలానికి హడలిపోతారు, రొట్టెలకు అలవాటు పడాలి, హిందీ దానంతటదే వస్తుంది. చెన్నైలో తమిళనాడు క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. శ్రీరామచంద్రలో బీఎస్సీ ఉంది, అది ప్రైవేటు, ఫీజు చూసుకోండి. కోచ్ కావాలనుకుంటే పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా, అది తర్వాతి సంగతి. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారని కూడా మీ ఇంట్లో చెప్పండి. డ్రిల్లు మాస్టారు అనే నోళ్ళు కాస్త మూతపడతాయి.

ఖోఖో_చేజర్:
నాన్నకు ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. తీగ సంగతి తప్ప. "పరీక్ష ఏదో ముందు రాయి, చూద్దాం" అన్నారు. ముందుగా పీఈసెట్ కూడా పెట్టి ఉంచుదామనుకుంటున్నా. 100 మీటర్లు, లాంగ్‌జంప్ పర్వాలేదు. 800 దగ్గర చచ్చిపోతున్నా, రెండో రౌండు సగానికి కాళ్ళు కదలవు. ఎవరైనా చెప్పండి.

రెండో_లేన్:
ఖోఖో వాళ్ళందరిదీ ఇదే రోగం. విజిల్ వేయగానే ఎవరినో తరుముతున్నట్టు దూకుతారు. మొదటి 200లో నువ్వు వెనకబడ్డట్టు అనిపించాలి. రెండు రౌండ్ల టైము విడివిడిగా రాసుకో, తేడా మూడు నాలుగు సెకన్లు దాటితే మొదటి రౌండు ఎక్కువ వేగంగా వెళ్ళావని అర్థం. వారంలో రెండు రోజులు 200 మీటర్లు, నువ్వు అనుకున్న 800 వేగంతోనే పరుగెత్తి, మధ్యలో నడుస్తూ రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ. ఆరు నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పో. ఒక రోజు అరగంట మెల్లగా, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో. పరీక్షకు వారం ముందు తగ్గించేయి, కొత్త బూట్లు ఆ రోజు వేసుకోవద్దు. షాట్‌పుట్ గురించి అడగలేదు కాబట్టి అసలు మొదలే పెట్టలేదనుకుంటున్నా. 6 కిలోల గుండు మీ స్కూలు స్టోర్‌రూములో ఉంటుంది, పీఈటీ సారుని అడిగి రేపే తెచ్చుకో.

సున్నంగీత:
తాళం చెవి నా దగ్గర లేదు, అటెండర్ దగ్గర ఉంటుంది అంటారు ఆయన. నమ్మకు, ఉంటుంది.